పౌండుకు 3 సెంట్లు: కాలిఫోర్నియా బాదం బోర్డు బలం ఎంత, హద్దు ఎక్కడ

క్లుప్తంగా: ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం అమెరికాలోని ఒక్క కాలిఫోర్నియా రాష్ట్రానిదే. అక్కడి రైతుల పంట మీద చట్టప్రకారం ఒక సెస్సు వసూలవుతుంది. ఆ డబ్బుతో ఒక ఉమ్మడి బోర్డు పరిశోధన, ప్రచారం చేయిస్తుంది. ఈ ఏర్పాటు గిరాకీని పెంచింది, తోటల్లో సాగు పద్ధతులను మార్చింది. ఎన్ని ఎకరాల్లో నాటాలో, ఏ ధరకు అమ్మాలో చెప్పే పని మాత్రం దానిది కాదు. 2014లో పౌండుకు 4 డాలర్లు పలికిన ధర 2022 నాటికి 1.40 డాలర్లకు దిగజారినప్పుడు ఆ హద్దు అందరికీ తెలిసివచ్చింది.

తెలుగు ఊళ్లలో బడి ఆవరణలో పెరిగే బాదం చెట్టుకూ, హల్వాలో వేసే బాదం పప్పుకూ చుట్టరికం లేదు. మన నాటు బాదం వేరే జాతి. కొట్లో దొరికే బాదానికి మొదట చలికాలపు చలి కావాలి, పూత సమయంలో మంచు కురవకూడదు, కోత నాటికి వాన ఉండకూడదు. ఈ మూడూ ఒకేచోట కుదిరే నేలలు ప్రపంచంలో తక్కువ. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ వాటిలో పెద్దది. అక్కడ 7 వేలకు పైగా బాదం రైతులున్నారు. చాలావరకు కుటుంబాలే నడుపుకునే తోటలు.

ఇంతమంది విడివిడిగా పండించే పంటకు ఒక చిక్కుంది. ఒక రైతు తన డబ్బుతో ఒక పురుగు మీద పరిశోధన చేయిస్తే ఆ ఫలితం పక్క తోటకూ అందుతుంది. ఒక వ్యాపారి ముంబైలో బాదం మంచిదని ప్రకటన వేస్తే పోటీ వ్యాపారి సరుకూ అమ్ముడవుతుంది. ఖర్చు ఒకరిది, లాభం పదిమందిది. అందుకే ఎవరికి వారు ఆగిపోతారు. బాదం బోర్డు పుట్టింది ఈ చిక్కు విప్పడానికే.

## సెస్సు ఎక్కడ పడుతుంది

మహామాంద్యం కాలంలో రైతులను ఆదుకునేందుకు అమెరికా 1937లో వ్యవసాయ మార్కెటింగ్ ఒప్పందాల చట్టం చేసింది. ఒక పంట రైతులు ఓటు వేసి ఒప్పుకుంటే ఆ పంటకు కేంద్ర వ్యవసాయ శాఖ ‘మార్కెటింగ్ ఆర్డర్’, అంటే అందరూ పాటించాల్సిన ఉమ్మడి నియమావళి, జారీ చేయవచ్చు. ఓటేసిన రైతుల్లో గాని, వాళ్లు పండించే సరుకులో గాని మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలి. ఒకసారి ఆర్డర్ వచ్చాక ఇష్టం లేనివాళ్లూ దానికి కట్టుబడాల్సిందే. బాదానికి ఈ ఆర్డర్ 1950లో వచ్చింది. దాన్ని అమలు చేసేదే మొడెస్టో నగరం కేంద్రంగా ఉన్న ఆల్మండ్ బోర్డ్ ఆఫ్ కాలిఫోర్నియా.

బోర్డులో 10 మంది సభ్యులు: ఐదుగురు రైతులు, ఐదుగురు హ్యాండ్లర్లు. బాదాన్ని శుద్ధి చేసి, గ్రేడు కట్టి మార్కెట్‌కు పంపే సంస్థలను చట్టం హ్యాండ్లర్లు అంటుంది. సహకార సంఘంలో ఉన్నవారికీ, విడిగా అమ్ముకునేవారికీ సీట్లు వేర్వేరుగా ఉంటాయి. 1910లో పుట్టిన బ్లూ డైమండ్ సహకార సంఘం ఇప్పటికీ పెద్దదే కనుక ఈ జాగ్రత్త అవసరమైంది. బోర్డు చేసే పెద్ద నిర్ణయాలకు వ్యవసాయ శాఖ ఆమోదం కావాలి. ప్రభుత్వంలో లాబీయింగ్‌కు ఈ డబ్బు వాడకూడదు. ఆ పనికి ఆల్మండ్ అలయన్స్ అనే వేరే సంఘం ఉంది, దానికి చందాలు ఇష్టపూర్వకం.

సెస్సు వసూలు చేసే చోటు ఎంపికలో తెలివి కనిపిస్తుంది. 7 వేల మంది రైతుల గడప తొక్కడం కష్టం. పంటంతా మాత్రం సుమారు వంద మంది హ్యాండ్లర్ల మిల్లుల గుండానే పోవాలి. కనుక సెస్సు అక్కడే, పప్పు బరువు మీద వసూలవుతుంది. చాలా ఏళ్లు ఇది పౌండుకు 3 సెంట్లుగా నడిచింది. 2016లో మొదలుపెట్టి మూడు సీజన్లు 4 సెంట్లకు పెంచారు. పౌండంటే 450 గ్రాముల పైచిలుకు. 250 కోట్ల పౌండ్ల పంటకు 3 సెంట్ల చొప్పున లెక్కిస్తే 7.5 కోట్ల డాలర్లవుతుంది.

సెస్సు ధర మీద కాకుండా బరువు మీద ఉండటంతో ఇంకో సంగతి జరుగుతుంది. పౌండు 4 డాలర్లున్నప్పుడు 3 సెంట్లంటే ముప్పావు శాతం. ధర 1.40కి పడితే అవే 3 సెంట్లు 2 శాతం దాటుతాయి. ధర పడినా బోర్డు ఆదాయం పడదు, సరుకు పెరిగితే పెరుగుతుంది. గిరాకీ వెతుక్కోవలసిన కాలంలో ప్రచారానికి డబ్బుండటం ఒక విధంగా మంచిదే. కష్టకాలంలో రైతు మీద బరువు పెరుగుతుందన్న మాటా అంతే నిజం.

ఈ నిర్బంధ వసూలు కోర్టుల దాకా వెళ్లింది. తమకు ఇష్టం లేని ప్రకటనలకు తమ చేత డబ్బు కట్టించడం వాక్ స్వాతంత్ర్యాన్ని హరించడమేనని కొందరు బాదం హ్యాండ్లర్లు వాదించారు. 1993లో అప్పీలు కోర్టు వారి వైపు మొగ్గింది. 1997లో పీచ్, నెక్టరిన్ పళ్ల కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి వసూళ్లు చెల్లుతాయని చెప్పడంతో బాదం తీర్పూ నిలవలేదు.

## తోటలోకి తిరిగొచ్చే డబ్బు

సాగు పరిశోధనకు బోర్డు 1973 నుంచి నిధులిస్తోంది. బోర్డుకు సొంత ప్రయోగశాలలు లేవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, వ్యవసాయ శాఖ పరిశోధన విభాగం వంటి సంస్థల శాస్త్రవేత్తలకు డబ్బిచ్చి పని చేయిస్తుంది. ఏ ప్రశ్న మీద పని జరగాలో నిర్ణయించే కమిటీల్లో రైతులు కూర్చుంటారు. ఈ ఏర్పాటు బలమంతా అక్కడే ఉంది.

బాదానికి ప్రధాన శత్రువు నేవెల్ ఆరెంజ్‌వార్మ్ అనే పురుగు. పైతొక్క పగిలినప్పుడు లోపలికి దూరి పప్పు తింటుంది. అది చేసిన గాయంలో బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. యూరప్ దేశాలు అఫ్లాటాక్సిన్ పరిమితి దాటిన సరుకును రేవులోనే ఆపేస్తాయి. గుంటూరు మిర్చి ఎగుమతిదారులకు ఈ పేరు కొత్త కాదు. కోత తర్వాత కొమ్మల మీద మిగిలిపోయిన ఎండుకాయల్లోనే పురుగు చలికాలం గడుపుతుందని పరిశోధకులు తేల్చారు. దాని నుంచి వచ్చిన సూత్రం చాలా సాదాది: ఫిబ్రవరి 1 నాటికి చెట్టుకు రెండుకు మించి ఎండుకాయలు ఉండకూడదు, రాలిన వాటిని నేల మీదే పొడి చేయాలి. పురుగు తోట గట్టు చూసి ఆగదు కనుక, ఈ పని చుట్టుపక్కల అందరూ చేస్తేనే ఫలితం. తర్వాతి కాలంలో లింగాకర్షక రసాయనాన్ని తోటంతా వ్యాపింపజేసి, మగ పురుగుకు ఆడదాని జాడ తెలియకుండా చేసే పద్ధతి వచ్చింది. పత్తిలో గులాబీ రంగు పురుగు మీద మన దగ్గర మొదలైనదీ ఇదే సూత్రం.

నీటి విషయంలో బోర్డు ఎక్కువ ఒత్తిడి ఎదుర్కొంది. 2012 తర్వాతి కరువులో ‘ఒక్క బాదం గింజకు ఒక గ్యాలన్ నీరు’ అన్న లెక్క అమెరికా పత్రికల్లో మారుమోగింది. దానికి ప్రచారంతో మాత్రమే బదులిచ్చి ఉంటే నిలిచేది కాదు. అప్పటికే చేతిలో పరిశోధన ఉంది. ఆకును గొట్టంలో పెట్టి ఒత్తిడి కొలిస్తే చెట్టు దాహం అంకెల్లో తెలుస్తుంది. పైతొక్క పగిలే దశలో కొన్ని వారాలు నీరు తగ్గిస్తే దిగుబడి పెద్దగా తగ్గదు, తొక్క కుళ్లు తగ్గుతుంది, కోతా ఒకేసారి వస్తుంది. డ్రిప్, మైక్రో స్ప్రింక్లర్లు ఎక్కువ తోటల్లోకి వచ్చాయి. రెండు దశాబ్దాల్లో పౌండు బాదానికి పట్టే నీరు 33 శాతం తగ్గిందని బోర్డు చెబుతుంది. 2025 నాటికి మరో 20 శాతం తగ్గించాలని అది లక్ష్యం పెట్టుకుంది.

ఈ 33 శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. తగ్గింది పౌండుకు పట్టే నీరు, మొత్తం వాడకం కాదు. 2000లో సుమారు 5 లక్షల ఎకరాలున్న కాపు తోటలు 2021 నాటికి 13 లక్షలు దాటాయి. చెట్టు పొదుపు నేర్చుకుంది గాని చెట్ల సంఖ్య ఆ పొదుపును మించిపోయింది. భూగర్భజలాల వాడకానికి కళ్లెం వేస్తూ కాలిఫోర్నియా 2014లో చేసిన చట్టం ఇప్పుడు చేస్తున్న పని అదే: బావుల మీదే ఆధారపడ్డ తోటల విస్తీర్ణాన్ని తగ్గించడం.

## తేనెపెట్టెల ప్రయాణం

బాదంలో ఎక్కువగా సాగయ్యే నాన్‌పరెయిల్ రకం తన పుప్పొడితో తాను కాయదు. పక్క వరుసలో వేరే రకం ఉండాలి, ఈ పుప్పొడిని ఆ పూవుకు చేర్చే తేనెటీగలూ ఉండాలి. ఎకరానికి సుమారు రెండు పెట్టెలు కావాలి. ఏటా ఫిబ్రవరిలో ఫ్లోరిడా వంటి దూర రాష్ట్రాల నుంచి కూడా లారీల్లో 20 లక్షలకు పైగా తేనెపెట్టెలు సెంట్రల్ వ్యాలీకి చేరతాయి. అద్దె పెట్టెకు 200 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అమెరికాలో వాణిజ్యంగా పెంచే తేనెటీగల్లో అధికభాగం ఆ కొద్ది వారాలు ఒకే లోయలో ఉంటుందంటే, ఒక్క తప్పు ఎంత దూరం పాకుతుందో ఊహించవచ్చు.

2014 వసంతంలో అలాంటి తప్పే జరిగింది. పూత సమయంలో శిలీంద్రనాశినికి కీటకాల ఎదుగుదలను ఆపే మందు కలిపి పిచికారీ చేయడంతో పదుల వేల పెట్టెలు దెబ్బతిన్నాయి. విడివిడిగా ప్రమాదం లేదనుకున్న మందులు కలిసినప్పుడు లార్వాలకు విషమవుతాయని తర్వాతి పరిశోధనలో తేలింది. ఆ ఏడాదే బోర్డు తేనెటీగల సంరక్షణకు సాగు నియమాలు విడుదల చేసింది. పూతలో పురుగుమందు వాడొద్దు, తప్పనిసరైన శిలీంద్రనాశినిని ఈగలు తిరగని సాయంత్రం వేళ కొట్టాలి, పిచికారీ సంగతి పెట్టెల యజమానికి ముందే చెప్పాలి. తేనెటీగల ఆరోగ్యం మీద వందకు పైగా పరిశోధనలకు బోర్డు నిధులిచ్చింది. ఇది దయ కాదు, అవసరం. అయినా సమస్య తీరలేదు. 2024-25 చలికాలంలో అమెరికా వాణిజ్య పెంపకందారులు సగానికి పైగా పట్టులను పోగొట్టుకున్నారు.

## నిబంధన, సమాచారం

2001లోనూ, 2003-04లోనూ పచ్చి బాదం తిని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకిన కేసులు బయటపడ్డాయి. బోర్డు కోరిక మీద 2007 సెప్టెంబరు 1 నుంచి ఉత్తర అమెరికాలో అమ్మే బాదానికి పాశ్చరైజేషన్ తప్పనిసరైంది. చిన్న రైతులు, సేంద్రియ రైతులు కొందరు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. యంత్రాల ఖర్చు వారికి భారం. పైగా దిగుమతైన బాదానికి ఆ నియమం వర్తించదు. పెద్దవాళ్లకు సులభమైన నియమం చిన్నవాళ్లకు ఖరీదు కావడం ఇలాంటి బోర్డుల్లో మళ్లీ మళ్లీ కనిపించే సమస్య.

పెద్దగా పేరు రాని పని మరొకటుంది. నెలనెలా ఎంత సరుకు మిల్లులకు వచ్చింది, ఎంత ఏ దేశానికి వెళ్లింది, ఎంత అమ్ముడు ఒప్పందాల్లో ఉంది, ఎంత మిగిలిందో హ్యాండ్లర్లంతా బోర్డుకు తెలపాలి. బోర్డు ఆ మొత్తాలను అందరికీ బహిరంగంగా ప్రకటిస్తుంది. పంట అంచనాను అమెరికా వ్యవసాయ శాఖ గణాంక విభాగం మేలో ఒకసారి, తోటల్లో కాయలు లెక్కబెట్టి జులైలో మరోసారి ఇస్తుంది. ఢిల్లీ ఖారీ బావ్‌లీ వ్యాపారికి తెలిసిన లెక్కే కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో రైతుకూ తెలుస్తుంది. మన మార్కెట్ యార్డుల్లో కోల్డ్ స్టోరేజీల నిల్వ ఎంతో వ్యాపారికి తెలిసి రైతుకు తెలియని పరిస్థితితో పోల్చి చూస్తే దీని విలువ అర్థమవుతుంది.

## భారత్‌లో బాదం

కాలిఫోర్నియా బాదంలో దాదాపు 70 శాతం ఎగుమతి అవుతుంది. అతిపెద్ద విదేశీ మార్కెట్ భారత్. ప్రచారంలో బోర్డు సొంత డబ్బుతోపాటు అమెరికా వ్యవసాయ శాఖ ఎగుమతి ప్రోత్సాహక పథకం నిధులూ ఉంటాయి. ఏ బ్రాండ్ పేరూ ఎత్తకుండా బాదం మొత్తానికే గిరాకీ పెంచడం దాని పద్ధతి. దేశాన్ని బట్టి మాట మారుతుంది. అమెరికాలో గుండె ఆరోగ్యం, చిరుతిండి. భారత్‌లో రాత్రి నానబెట్టి పొద్దున్నే పిల్లలకు పెట్టే అలవాటు తరాల నాటిది. కొత్త నమ్మకం నాటాల్సిన పని లేదు. దీపావళి కానుకల పెట్టెలో ఉండే పప్పును ఏడాది పొడవునా వంటింట్లోకి తేవడమే అసలు లక్ష్యం.

భారత్ ఎక్కువగా కొనేది పప్పు కాదు, పెంకుతో ఉన్న బాదం. సుంకం చూస్తే కారణం తెలుస్తుంది. పెంకు బాదానికి కిలోకు రూ.35, పప్పుకు రూ.100. పెంకు బాదంలో సుమారు మూడింట రెండు వంతులు పప్పు వస్తుందనుకుంటే కిలో పప్పు మీద పడే సుంకం రూ.50 పైచిలుకు. తేడా సగం. అందుకే పెంకు తీసే పని ఢిల్లీ కరావల్ నగర్ వంటి చోట్లకు చేరింది. అక్కడ తక్కువ కూలికి ఆ పని చేసిన మహిళలు 2009 చివర్లో సమ్మె చేశారు. ఇంటింటా ఆరోగ్యానికి గుర్తుగా మారిన గింజ వెనుక ఈ శ్రమ ఉందన్న సంగతి మరువకూడదు.

ప్రచారం ఎంత బలమైనా సుంకం ముందు నిలవదు. 2018లో చైనా అమెరికా బాదం మీద సుంకాలు పెంచగానే అక్కడి మార్కెట్‌లో సుంకం లేని ఆస్ట్రేలియా బాదం చోటు చేసుకుంది. భారత్ 2019లో పప్పు మీద కిలోకు అదనంగా రూ.20 వేసి 2023లో తీసేసింది. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా బాదానికి నిర్ణీత పరిమాణం వరకు భారత్‌లో సగం సుంకమే. ‘బాదం తినండి’ అన్న ప్రచారంతో పెరిగిన గిరాకీలో పోటీ దేశానికీ వాటా దక్కుతుంది. ఖర్చు ఒకరిది, లాభం పదిమందిది అన్న చిక్కు రాష్ట్రంలో తీరి, దేశాల మధ్య మళ్లీ తలెత్తింది.

## ఎవరి డబ్బు, ఏ ప్రశ్న

గుండె జబ్బు ముప్పు తగ్గించడంలో గింజలు తోడ్పడవచ్చన్న పరిమితమైన మాటను ప్యాకెట్ మీద రాసుకునేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2003లో అనుమతించింది. 2012లో వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మరో ఆసక్తికర విషయం తేల్చారు. నమిలినా కొవ్వంతా గింజ కణాల నుంచి బయటికి రాదు. కాబట్టి 28 గ్రాముల బాదం నుంచి ఒంటికి చేరేది 129 కేలరీలే, లేబుల్ మీద 160కి పైగా ఉంటుంది. ఢిల్లీలో ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ) ఉన్న 60 మందితో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, భోజనానికి ముందు 20 గ్రాముల బాదం తిన్నవారిలో దాదాపు నాలుగో వంతు మంది రక్తచక్కెర మూడు నెలల్లో మామూలు స్థాయికి వచ్చింది. ఈ పరిశోధనలకు బోర్డు నిధులిచ్చింది.

నిధులు ఇచ్చినంత మాత్రాన ఫలితం అబద్ధం కాదు. ఆ పరిశోధనలు నిపుణుల సమీక్ష దాటి పత్రికల్లో వచ్చినవే. ఆలోచించాల్సింది అడిగిన ప్రశ్న గురించి. బాదం తింటే మేలా అన్నదానికి డబ్బుంది. అదే మేలు అందులో చిన్న వంతు ఖరీదు చేసే వేరుశనగతో వస్తుందా అని అడగడానికి అనంతపురం రైతుకు అలాంటి ఉమ్మడి నిధి లేదు. పాఠకుల చేతికి ఒక గింజ గురించి వంద అధ్యయనాలు, ఇంకోదాని గురించి పది రావడానికి కారణం పోషకాల తేడా కానక్కరలేదు.

## ధర పడినప్పుడు

2014లో పౌండు 4 డాలర్లు పలకగానే కొత్త తోటలు వెలిశాయి. పెట్టుబడి సంస్థలూ దిగాయి. బాదం నాటిన మూడో ఏడాది నుంచి కాపు మొదలవుతుంది, పాతికేళ్ల దాకా ఉంటుంది. ఇవాళ్టి ధర చూసి నాటిన మొక్క రేపటి మార్కెట్‌ను ముంచుతుంది. 2020లో పంట మొదటిసారి 300 కోట్ల పౌండ్లు దాటింది. అదే సమయానికి చైనా సుంకాలు, కరోనా తర్వాత రేవుల్లో కంటెయినర్ల కొరత, బలపడిన డాలరు తోడయ్యాయి. నిల్వలు పేరుకున్నాయి. 2022 పంట సగటు ధర 1.40 డాలర్లు. చాలామందికి అది సాగు ఖర్చుకు కూడా సరిపోలేదు. 2024లో పెట్టుబడి సంస్థల తోటలు కొన్ని దివాలా కోర్టుకు చేరాయి.

సరుకులో కొంత పక్కన పెట్టించే అధికారం ఆర్డర్‌లో ఉంది. ఈ పతనంలో దాన్ని వాడలేదు. ఒక దేశం సరుకు ఆపితే ఆ ఖాళీని ఇంకో దేశం నింపుతుందన్న భయం చిన్నది కాదు. చివరికి సర్దుబాటు చేసింది రైతులే: పాత తోటలు పీకేశారు, కొత్తగా నాటడం తగ్గించారు. 2023 పంట 250 కోట్ల పౌండ్ల దరిదాపులకు తగ్గి, ధర కొంత లేచింది.

## తెలుగు నేల మీద మూడు నమూనాలు

గుంటూరు కేంద్రంగా 1976 నుంచి ఉన్న పొగాకు బోర్డు దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది. రైతులను నమోదు చేసి, ఎంత పండించాలో పరిమితి పెట్టి, వేలం కేంద్రాల్లో అమ్మిస్తుంది. పరిమితి దాటితే జరిమానా. సరఫరా మీద పట్టుంది. కొత్త గిరాకీ సృష్టించడం ఆ పంట విషయంలో కుదిరే పని కాదు.

కోళ్ల రైతులది ఇంకో దారి. హైదరాబాద్ నుంచి ఎదిగిన డాక్టర్ బి.వి.రావు చొరవతో 1982లో ఏర్పడిన నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) గుడ్ల ధర ప్రకటించడం, దేశమంతా గుడ్డు తినమని ప్రచారం చేయడం రెండూ చేసింది. బాదం బోర్డుకు లేని ధర ప్రకటన దానికుంది. బోర్డుకున్న చట్టబలం దానికి లేదు. సభ్యుల ఐకమత్యమే పెట్టుబడి.

నిజామాబాద్‌లో 2025 జనవరిలో మొదలైన జాతీయ పసుపు బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉంది. పరిశోధన, నాణ్యత, ఎగుమతి మార్కెట్లు దాని పనులు. కాగితం మీద బాదం బోర్డు పనులకు దగ్గరివే. తేడా డబ్బు వచ్చే దారిలో, దాని మీద ఎవరి మాట చెల్లుతుందన్న దానిలో ఉంది. బాదంలో సెస్సు సరుకుతోపాటే పుడుతుంది, ఖర్చు నిర్ణయంలో రైతు ఓటుంటుంది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డుల్లో పసుపు బస్తా మీద మార్కెట్ ఫీజు ఇప్పటికే వసూలవుతోంది. వందమంది హ్యాండ్లర్ల మిల్లుల్లాగే సరుకు వచ్చి చేరే చోటు ఇక్కడా ఉంది. ఆ ఫీజులో ఒక్క రూపాయి అయినా దుంపకుళ్లు మీద ఏ పరిశోధన జరగాలో రైతులే నిర్ణయించే కమిటీకి చేరే దారి మాత్రం ఇంకా వేయలేదు.